ఓవెన్‌లో కాల్చిన కూరగాయల సూపు: ఆరు విడతల లెక్క

కర్నూలులోని మా ఇంట్లో కాల్చిన కూరగాయల సూపును ఇప్పటికి ఆరుసార్లు చేశాను. నా దగ్గర 28 లీటర్ల, 1500 వాట్ల ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన) ఓవెన్, ఒక హ్యాండ్ బ్లెండర్, ఓవెన్ లోపల పెట్టే చిన్న థర్మామీటర్, గ్రాముల్లో చూపే వంటింటి తూకం యంత్రం ఉన్నాయి. వీటిలో అన్నిటికంటే ఆలస్యంగా, రెండో విడత చెడిపోయిన తర్వాత కొన్నది తూకం యంత్రమే అయినా, సూపు రుచిని దారికి తెచ్చింది అదే.

కూరగాయలను సి.క్యాంపు రైతు బజారులో కొంటాను. ఉల్లిగడ్డకు మా జిల్లాలో కొదవ లేదు కాబట్టి మొదటి నుంచీ సూపులో దాని పాలు ఎక్కువగానే ఉంచాను. పచ్చిగా కోస్తే కళ్లలో నీళ్లు తెప్పించే ఘాటు ఓవెన్ వేడికి తగ్గిపోయి, లోపలి తీపి పైకి వస్తుంది. టమాటాల్లో నాటువి పులుపు ఎక్కువ, రసం ఎక్కువ; గట్టి గుజ్జున్న హైబ్రిడ్ రకం ట్రేలో త్వరగా దగ్గరపడుతుంది. రెండూ చెరి సగం వేసినప్పుడు నాకు తృప్తిగా అనిపించింది.

మొదటి విడతలో కిలోకు పైగా ముక్కలను ఒకే ట్రేలో, ఒకదాని మీద ఒకటి పడేలా నింపి, 200 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు ఉంచాను. తీసి చూస్తే ముక్కలు మెత్తబడ్డాయి గానీ ఎక్కడా రంగు తిరగలేదు. ట్రే అడుగున రసం నిలిచి ఉంది. అంటే అవి కాలలేదు, తమ నీటిలో తామే ఉడికాయి. టమాటాలో నూటికి 90 పాళ్లకు మించి నీరే ఉంటుంది. ఆ నీరు ఉన్నంతసేపు ముక్క పైభాగం 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. గోధుమరంగును, కాల్చిన వాసనను ఇచ్చే మార్పులు చురుకుగా జరగాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. మా అవ్వ కట్టెల పొయ్యి నిప్పుల్లో టమాటాలు, ఉల్లిగడ్డలు కాల్చి పచ్చడి నూరే రోజుల్లో, "తొక్క నల్లగయితేనే రుచి నాయనా, ఊరికే ఉడకబెడితే ఏముంటాది" అనేది. ఆ మాట వెనుక ఉన్న కారణం నాకు ఈ ట్రే ముందు నిలబడినప్పుడే పూర్తిగా అర్థమైంది.

రెండో విడతలో రెండు తప్పులు చేశాను. ట్రే కడిగే పని తప్పుతుందని అల్యూమినియం ఫాయిల్ పరిచాను. టమాటా పులుపుకు ఫాయిల్ మీద సన్నని చిల్లులు పడి, సూపుకు లోహపు రుచి అంటింది. ఆ తర్వాత వేడి మిశ్రమాన్ని మిక్సీ జారులో నింపి మూత బిగించి తిప్పడంతో, లోపలి ఆవిరి ఒత్తిడికి మూత ఎగిరి నా మణికట్టు కాలింది. వేడి పదార్థాన్ని మూసిన జారులో ఎప్పుడూ తిప్పకూడదు. మిక్సీ తప్ప మరొకటి లేనివారు పూర్తిగా చల్లార్చి, జారును సగానికి మించకుండా నింపి తిప్పి, తర్వాత మళ్లీ వేడి చేసుకోవాలి.

మూడో విడత నుంచి స్టీలు ట్రే, తూకం యంత్రం వచ్చాయి. పరిమాణాన్ని 800 గ్రాములకు తగ్గించాను: టమాటా 400, గుమ్మడికాయ 200, ఉల్లిగడ్డ 180, పొట్టు తీయని వెల్లుల్లి 20. గుమ్మడికాయ సూపుకు చిక్కదనం ఇస్తుంది కాబట్టి కార్న్‌ఫ్లోర్, క్రీము అవసరం రాలేదు. ఉల్లిగడ్డను వేరు ఉండే మొదలు కోయకుండా నాలుగు చీలికలు చేస్తే పొరలు విడిపోవు. వెల్లుల్లికి పొట్టు ఉంటే మాడి చేదెక్కదు. రెండు చెంచాల వేరుశనగ నూనె, చెంచాడు ఉప్పు పట్టించి, టమాటాల కోసిన వైపు పైకి ఉండేలా, ముక్కకూ ముక్కకూ మధ్య వేలెడు సందు వదిలి పేర్చాను. మా ఓవెన్ మీట 220 దగ్గర పెడితేనే లోపలి థర్మామీటర్ 195 చూపింది. కాబట్టి మీట మీది అంకెను నమ్మడం మానేశాను. 45 నిమిషాలకు ముక్కల బరువు 505 గ్రాములకు దిగింది. అంచులు ముదురు గోధుమరంగుకు తిరిగాయి. ఆ రోజు సూపే మొదటిసారి నేను ఆశించిన సూపు.

నాలుగో విడతను మా అక్క వాళ్ల ఎయిర్ ఫ్రయ్యర్‌లో చేశాను. 180 డిగ్రీల దగ్గర 20 నిమిషాలకే అంచులు కాలాయి గానీ, బుట్టలో 400 గ్రాములకు మించి పరిస్తే గాలి ఆడలేదు. ఒకరిద్దరికైతే అది చాలు.

ఐదో విడతలో ఫోను మాట్లాడుతూ పది నిమిషాలు ఎక్కువ ఉంచేశాను. బరువు 410కి పడిపోయి, సూపులో చేదు వచ్చింది. అందువల్ల 800 గ్రాములకు 480 నుంచి 520 మధ్య ఆపడం నా ఇంటి ఓవెన్‌కు సరైన హద్దు అని రాసుకున్నాను. ముక్కల్లోని నీరు రోజుకో రకంగా ఉంటుంది కాబట్టి, 35 నిమిషాలు దాటాక ట్రేతో సహా తూచి చూడడమే నమ్మకమైన పద్ధతి. ఖాళీ ట్రే బరువును దాని వెనుక మార్కర్‌తో రాసి పెట్టుకున్నాను.

ఆరో విడతలో ఒక్క మార్పే చేశాను. ముక్కలు తీసిన వెంటనే వేడి ట్రేలో 100 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోసి, అడుగున అంటిన గోధుమరంగు పొరను చెక్క గరిటెతో గీకి గిన్నెలో కలిపాను. గాజు పాత్రయితే ఇలా చేయకూడదు, వేడి తేడాకు పగిలిపోవచ్చు. మరో 300 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, టమాటా తొక్కలు, వెల్లుల్లి పొట్టు వేళ్లతో లాగేసి, బ్లెండర్ తలను మునిగే వరకు దించి మూడు నిమిషాలు తిప్పాను. మిరియాల పొడి, జీలకర్ర పొడి చివర్లో. ఓవెన్ ఆగకుండా గంటసేపు పని చేసినా కరెంటు ఒకటిన్నర యూనిట్‌కు మించదు.

ఈసారి మా నాన్న జొన్న రొట్టెను తుంచి సూపులో వేసుకుని రెండు గిన్నెలు తిన్నారు. వచ్చే ఆదివారం గుమ్మడికాయ బదులు వంకాయ వేసి, అదే 800 గ్రాములతో, అదే ట్రేలో తూచి చూడాలి.