‘సెర్చ్’ పక్కన ‘ఫర్’ ఎప్పుడు పెట్టాలి?

‘మీ కోసం ఆఫీసంతా వెతికాను’ అని చెప్పబోయి చాలామంది ఇంగ్లీషులో ‘ఐ సెర్చ్‌డ్ యూ’ అనేస్తారు. అవతలివాళ్లకు అర్థమయ్యేది వేరు: ‘మీ జేబులు తడిమాను, మిమ్మల్ని సోదా చేశాను’ అని. ‘ఫర్’ జారిపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. దీన్ని గ్రామరు సూత్రంగా బట్టీ పడితే మాట్లాడేటప్పుడు గుర్తుకు రాదు. మాట ఎక్కడ పుట్టిందో తెలుసుకుంటే మనసులో నాటుకుంటుంది.

లాటిన్‌లో ‘కిర్కుస్’ అంటే వలయం. మనం సర్కస్ అంటున్నది దాన్నే. ఆ మాట నుంచి తర్వాతి కాలపు లాటిన్‌లో ‘కిర్కారే’ అనే క్రియ వచ్చింది: చుట్టూ తిరగడం, చుట్టి రావడం. అది పాత ఫ్రెంచిలో ‘సెర్చియేర్’ అయి, 14వ శతాబ్దంలో ఇంగ్లీషుకు చేరి ‘సెర్చ్’ అయింది. సర్కిల్, సర్క్యూట్, సర్క్యులర్ అన్నీ ఆ వలయం నుంచి వచ్చినవే. సర్కిల్ ఇన్‌స్పెక్టరు సెర్చ్ వారెంటు పట్టుకుని వస్తే, ఆయన హోదాలోనూ చేతిలోని కాగితంలోనూ ఉన్నది ఒకే ధాతువు.

కాబట్టి ‘సెర్చ్’కి కర్మగా నిలిచేది మనం చుట్టి వచ్చే చోటు, దొరకాల్సిన వస్తువు కాదు. ‘సెర్చ్ ద హౌస్’ అంటే ఇల్లంతా తిరిగి చూడటం. ఆ తిరగడం దేనికోసమో చెప్పాలంటే ‘ఫర్’ కావాలి: ‘సెర్చ్ ద హౌస్ ఫర్ ద కీస్’. చోటు చెప్పకపోయినా ‘ఫర్’ ఉండాల్సిందే: ‘సెర్చ్ ఫర్ ద కీస్’. కోర్టు వారెంటులో ఫలానా చోటు అని పరిమితి రాస్తే పోలీసులు సోదా చేయాల్సింది అక్కడే.

తెలుగులో ఈ నిర్మాణానికి సరిగ్గా సరిపోయే మాట వెతకడం కాదు, గాలించడం. బియ్యం గాలించడం చూడండి. గిన్నెలో బియ్యం మునిగేలా నీళ్లు పోసి, కొద్దిగా వాల్చి గుండ్రంగా తిప్పుతూ, నీళ్లతోపాటు కదిలే బియ్యాన్ని మరో గిన్నెలోకి కొంచెం కొంచెంగా జారుస్తారు. రాళ్లు బరువు కాబట్టి అడుగున మిగులుతాయి. తొందరపడి ఒక్కసారిగా వంచితే రాళ్లూ బియ్యంతోపాటే పోతాయి. మనకు కనబడాల్సినవి రాళ్లు, కానీ అనేది ‘బియ్యం గాలించాను’ అనే. ‘పోలీసులు అడవిని గాలిస్తున్నారు’ అన్నా అంతే; పట్టుబడాల్సింది అడవి కాదు. గుండ్రంగా తిప్పడం కూడా రెండు మాటల్లోనూ కుదరడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

‘వెతుకు’ దారి వేరు. ‘తాళాలు వెతుకుతున్నా’ అని వస్తువునే నేరుగా పట్టుకుంటుంది. పొరపాటు ఇక్కడే పుడుతుంది. ‘ఫోన్ వెతికాను’ని మాటకు మాటగా ‘ఐ సెర్చ్‌డ్ ద ఫోన్’ అని మారిస్తే, ఫోన్ లోపలి మెసేజీలూ ఫోటోలూ తిరగేశానని అర్థం. ఒకటే పరీక్ష: తెలుగు వాక్యంలో ‘కోసం’ ఇమిడితే ‘ఫర్’ పెట్టాలి, ‘గాలించాను’, ‘సోదా చేశాను’ ఇమిడితే పెట్టకూడదు.

ఇదే ధాతువు ఫ్రెంచిలో ‘షెర్షే’గా మారాక చోటును వదిలేసి వస్తువు వైపు తిరిగింది. ఇప్పుడు ఫ్రెంచివాళ్లు మనలాగే తాళాలనే నేరుగా వెతుకుతారు. పాత పద్ధతిని నిలబెట్టుకున్నది అరువు తెచ్చుకున్న ఇంగ్లీషే!

‘రీసెర్చ్’ అంటే ‘మళ్లీ వెతకడం’ అని తరగతి గదుల్లో చెబుతుంటారు. అది సరికాదు. అక్కడి ‘రీ’ క్రియకు బలం చేకూర్చేది. లోతుగా, కూలంకషంగా అని.

‘సీక్’ మాత్రం లాటిన్ చుట్టం కాదు. పాత ఇంగ్లీషు ‘సేచన్’ నుంచి వచ్చింది, జర్మన్ ‘జూఖెన్’ దీని తోబుట్టువు. ఇది వస్తువునే నేరుగా తీసుకుంటుంది: సీక్ హెల్ప్, సీక్ పర్మిషన్. తాళాలకు వాడితే ఎబ్బెట్టుగా ఉంటుంది. తెలుగు బైబిల్ అనువాదకులు ఈ తేడాను చక్కగా పట్టుకున్నారు. ఇంగ్లీషులో ‘సీక్’ ఉన్న మత్తయి 7:7లో ‘వెదకుడి’ అన్నారు. దేవుడు మనిషి లోపలంతా చూసే కీర్తన 139:1లో, ‘సెర్చ్’ ఉన్నచోట, ‘పరిశోధించి’ అన్నారు.

‘గూగుల్’ 2006లో ఆక్స్‌ఫర్డ్, మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువుల్లోకి క్రియగా చేరింది. దీనికి ‘ఫర్’ అక్కర్లేదు. వెతికేదాన్నే పక్కన పెడతారు. ‘సెర్చ్’ వాడితే మాత్రం ‘సెర్చ్ గూగుల్ ఫర్...’ అనాలి. గూగుల్ ఇక్కడ ఇల్లులాగా ఒక చోటు. మనమైతే ‘గూగుల్‌లో కొట్టు’ అంటాం, చోటుకు ‘లో’ తగిలించి.

రోజువారీ మాటల్లో తాళాలకూ కళ్లజోడుకూ ‘లుకింగ్ ఫర్’ చాలు. ‘సెర్చింగ్’ అంటే పెద్దయెత్తున గాలిస్తున్నట్టు ధ్వనిస్తుంది. ఎవరైనా ‘సెర్చ్ మీ’ అంటే చేతులెత్తి నిలబడి సోదాకు ఒప్పుకున్నట్టు కాదు, ‘నాకేం తెలుసు’ అని. నన్నంతా గాలించినా ఆ జవాబు దొరకదని దాని భావం.