ఇంజిన్ అడుగున చుక్క కనిపిస్తే

విమానం ఇంజిన్ కింద నేల మీద నూనె చుక్క కనిపిస్తే మా హ్యాంగర్లో ఆ విమానం ఆగిపోతుంది. ఎవరి క్లాసు వాయిదా పడినా, ఎవరు చిరాకుపడినా, ఆ చుక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలేదాకా బయటికి వదలం.

మాది కావలి. ఫ్లోరిడాలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో మెకానిక్‌ని. విమానాల్లో పని అంటే మా వాళ్ళు పెద్ద జెట్లే అనుకుంటారు గానీ నా చేతికింద ఉండేవి నాలుగు సీట్ల సెస్నా 172ఎస్‌లు. లైకమింగ్ ఐఓ-360 ఇంజిన్, 180 హార్స్‌పవర్. అడుగున సంపు అనే తొట్టిలో 8 క్వార్టుల నూనె, అంటే సుమారు ఏడున్నర లీటర్లు పడుతుంది. 5 క్వార్టులకన్నా తక్కువుంటే ఎగరొద్దని పైలట్ హ్యాండ్‌బుక్కులోనే ఉంటుంది. ఉండేది ఒకటే ఇంజిన్. బేరింగులకి నూనె అందకపోతే పట్టేయడానికి నిమిషాలు చాలు.

ఇక్కడ అనుభవం మీద లైసెన్సు తెచ్చుకోవాలంటే, ఇంజిన్‌కీ బాడీకీ కలిపి 30 నెలల పని చూపించి, రాత పరీక్ష, నోటి పరీక్ష, చేతిపని పరీక్ష మూడూ దాటాలి. ఇన్ని దాటినవాడు రోజూ చేసే పని ఏంటయ్యా అంటే ఆయిల్ మార్చడం. ఫిల్టరున్న లైకమింగ్ ఇంజిన్‌కి 50 గంటలకోసారి, లేదా నాలుగు నెలలకోసారి, ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. స్కూలు విమానాలు తెగ తిరుగుతాయి కాబట్టి 50 గంటలు చూస్తుండగానే వచ్చేస్తాయి.

సంపు అడుగున పాత నూనె దించడానికి విప్పే మరమూత ఉంటుంది, అదే డ్రెయిన్ ప్లగ్గు. దాని దగ్గర లీకు చాలామటుకు ఆ ఆయిల్ మార్చే అరగంటలోనే పుడుతుందని నా గట్టి నమ్మకం. తర్వాత ఎప్పుడో బయటపడుతుంది, అంతే.

ప్లగ్గుకీ సంపుకీ మధ్య వేసే రాగి వాషరునే తీసుకోండి. కొత్తది మెత్తగా ఉంటుంది. ప్లగ్గు బిగిస్తుంటే అది నలిగి, సంపు అంచులో ఉన్న సన్నసన్న గీతల్లోకి కూడా దిగి దారి మూసేస్తుంది. ఒకసారి నలిగిన రాగి గట్టిపడుతుంది. పాతదాన్ని వేలిమీద పెట్టుకుని వెలుగులో తిప్పి చూస్తే ప్లగ్గు తల ఆనిన చోట గుండ్రంగా గాడి కనిపిస్తుంది. రెండోసారి అదే గాడి అదే చోట కూర్చోదు కదా. ఎర్రగా కాల్చి మెత్తబరిచే పద్ధతి ఉంది, పెద్దవాళ్ళు చేసేవాళ్ళు. కానీ కొత్త వాషరు వచ్చే ధరకి ఆ కష్టం దేనికి? పాతది తీసిన చేత్తోనే చెత్తబుట్టలో వేస్తాను, బల్లమీద పెట్టను. పెడితే ఇంకెవరో వాడతారు.

కొన్ని ఇంజిన్లలో వాషరే ఉండదు, ప్లగ్గు మరే కొసకి సన్నబడి బిగుసుకుంటుంది. దానికి టెఫ్లాన్ టేపు చుట్టడం నాకు సుతరామూ ఇష్టం లేదు. టేపు పీలికలు ఊడి నూనెలో కలిస్తే సన్నటి దారులకి అడ్డంపడతాయి. మాన్యువల్లో చెప్పిన పేస్టు, అదీ మొదటి మర వదిలేసి, పలచగా రాస్తే చాలు.

మాతో చీమకుర్తి కుర్రాడొకడు పనిచేస్తున్నాడు. ఊళ్ళో గ్రానైట్ క్వారీ కంప్రెసర్లు విప్పి బిగించినవాడు, చెయ్యి మంచిది. వచ్చిన కొత్తలో ఒక ప్లగ్గు చెమ్మగిల్లుతుంటే స్పానర్ అందుకున్నాడు.

"ఇంకో పట్టు పడదామా అన్నా?"

"వద్దబ్బాయ్. సంపు అల్యూమినియం పోత, ప్లగ్గు ఉక్కు. ఇంకో పట్టు పడితే మర లేచిపోద్ది. ముందు విప్పి చూద్దాం."

విప్పితే వాషరు కింద వెంట్రుకంత పీచు, తుడిచిన గుడ్డది. పీచు తీసి, అంచు శుభ్రం చేసి, కొత్త వాషరేసి, ఎంత బలం పడుతోందో చూపించే టార్క్ రెంచితో మాన్యువల్లో ఉన్నంతే బిగించాం. మళ్ళీ చెమ్మ రాలేదు. మర పోయుంటే సంపు దింపి, మర తిరగదోసి, లోపల తీగచుట్ట కూర్చోబెట్టాల్సి వచ్చేది, విమానం వారం మూలన పడేది. ఆ అబ్బాయి ఇప్పుడు రెంచి పట్టుకునే ముందు టార్చి పట్టుకుంటాడు. నాకు అది చూస్తే ఎంతో సంతోషం.

బిగించాక సేఫ్టీ వైరు. 0.032 అంగుళాల తీగ, అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది మెలికలు, ప్లగ్గుని బిగుసుకునే వైపుకే లాగుతూ ఉండాలి. వైరు లీకుని ఆపదు, ప్లగ్గు వదులై పడిపోకుండా కాపలా కాస్తుంది. కొన్నిటికి ప్లగ్గు బదులు క్విక్ డ్రెయిన్ వాల్వు ఉంటుంది. నొక్కి తిప్పితే తెరుచుకుంటుంది. పనికి హాయిగా ఉంటుంది గానీ లోపల స్ప్రింగు, రబ్బరు రింగు ఉంటాయి. ఇసకరేణువు ఇరుక్కున్నా, రింగు ఎండిపోయినా చుక్క రాలుతుంది. మూశాక పూర్తిగా కిందికి దిగిందో లేదో వేలితో తడిమి చూడాలి.

ఇంకో సంగతి. సంపు అడుగు అన్నిటికన్నా పల్లం. పైన రాకర్ కవరు గాస్కెట్ నుంచో, పుష్‌రాడ్ ట్యూబు సీలు నుంచో, ఆయిల్ కూలర్ గొట్టం నుంచో కారిన నూనె కూడా చివరికి ప్లగ్గు మీదకే చేరి అక్కడే వేలాడుతుంది. అందుకే ముందు మొత్తం కడిగి ఆరబెట్టి, ఇంజిన్ కాసేపు నడిపి ఆపి, టార్చీ, చేతి అద్దం పెట్టి పైనుంచి కిందికి చూస్తాం. మొదట తడి ఎక్కడ కనపడితే లీకు అక్కడ.

ఇదంతా మా బాబాయికి చెప్పాల్సి వచ్చింది. విడవలూరు దగ్గర ఆయనకి రొయ్యల గుంటలున్నాయి. రాత్రి కరెంటు పోతే ఏరేటర్లు తిరగాలి, లేకపోతే తెల్లారేసరికి ఆక్సిజన్ అందక రొయ్య తేలిపోద్ది. జనరేటర్ అడుగున నూనె కారుతోందని వీడియో కాల్ చేశాడు. ప్లగ్గు చుట్టూ ఎంసీల్ ముద్ద కనిపించింది.

"ఎవురేశారు బాబాయ్ ఇది?"

"మెకానిక్కేరా. ఆగింది గదా అనుకున్యా, మళ్ళా కారతా ఉంది."

ముద్ద గీకించి, ప్లగ్గు విప్పించాను. వాషరు ఒక పక్క చీలి ఉంది. నెల్లూరు నుంచి అదే సైజు రాగి వాషరు తెప్పించి వేయించాడు, అంచు తుడిచే పని ఆయనే దగ్గరుండి చూసుకున్నాడు. చుక్క ఆగింది. నాలుగు వాషర్లు ఎక్కువే తెచ్చుకుని జనరేటర్ షెడ్డులో సంచిలో వేలాడదీశాడట. ఈసారి ఆయిల్ మార్చేటప్పుడు ఇంజిన్ గోరువెచ్చగా ఉండగానే దించమన్నాను, అప్పుడే అడుగున మడ్డి కూడా వచ్చేస్తుంది. కిలోకి ఎన్ని తూగుతాయో కౌంటు కొట్టి రొయ్య పట్టుబడి అయ్యాక, తీరిగ్గా చేయిస్తానన్నాడు.