పండోరా జాడీ

మా అమ్మాయి ఆరో తరగతి. ఇక్కడ కాలిఫోర్నియాలో ఆ ఏడాది సోషల్‌లో ప్రాచీన నాగరికతలు చెప్తారు. గ్రీసూ ఉంటుంది, మన దేశమూ ఉంటుంది. మొన్న డైనింగ్ టేబుల్ మీద చార్టు పరుచుకుని గ్రీకు పురాణంలోని పండోరా బొమ్మ వేస్తోంది. పండోరా చేతిలో చిన్న నగల పెట్టె, అందులోంచి నల్లటి పురుగులు.

"అది పెట్టె కాదే, జాడీ" అన్నాను. నమ్మలేదు.

సుమారు 2700 ఏళ్ల కిందట ఈ కథ చెప్పిన గ్రీకు కవి హెసియడ్ వాడిన మాట పిథోస్. నూనె, గింజలు, ద్రాక్షసారా నిల్వ చేసుకునే మట్టి జాడీ అది. కొన్ని మనిషెత్తు కూడా ఉండేవి. 16వ శతాబ్దంలో ఎరాస్మస్ అనే యూరప్ పండితుడు ఆ కథను లాటిన్‌లో చెబుతూ జాడీని పెట్టె చేశాడు. లోకమంతా తిరిగింది ఆ పెట్టే. మా అమ్మాయికి అర్థమవుతుందని వంటింట్లోంచి ఆవకాయ జాడీ తెచ్చి చార్టు మీద పెట్టాను. తీసేసరికి గుండ్రంగా నూనె మరక!

"అమ్మా!"

మరక మాట మరిపించడానికి కథలోకి దిగాను. ప్రొమీథియస్ అనే దేవుడు నిప్పు దొంగిలించి, బోలు కాడలో దాచి మనుషులకు తెచ్చిచ్చాడు, దేవతల రాజు జ్యూస్‌కు మండింది, మన్నూ నీళ్లూ కలిపి మొదటి ఆడదాన్ని, పండోరాను చేయించాడు. "మన పార్వతీదేవి నలుగుపిండితో వినాయకుణ్ణి చేసినట్టు" అన్నాను. పండోరా జాడీ మూత తీసింది, కష్టాలన్నీ లోకంలోకి వచ్చిపడ్డాయి, ఆశ ఒక్కటే లోపల ఉండిపోయింది. బంగారు యుగం నుంచి ఇనుప యుగం దాకా చెబితే "మన కృతయుగం, కలియుగం లాగే" అన్నాను. జలప్రళయం రాగానే మత్స్యావతారం ఎత్తుకున్నాను.

పెన్సిల్ కింద పెట్టేసింది. "ప్రతిదానికీ మనకీ ఉందంటావేంటమ్మా? కాసేపు వాళ్ల కథని వాళ్ల కథలా ఉండనీ."

చురుక్కుమంది. కానీ నిజమే. వినాయకుణ్ణి అమ్మ తన కోసం చేసుకుంది, పండోరాను ఉచ్చుగా చేశారు. కష్టాలన్నిటికీ ఆడదాన్నే మూలం చేయడం హెసియడ్ బుద్ధి, అది వేరే కోపం. యుగాలు కూడా ఆయనకు అయిదు. ఇనుముకు ముందు ట్రాయ్ యుద్ధంలో పోరాడిన వీరుల యుగం ఒకటి ఇరికించాడు. ప్రళయంలో బతికి బయటపడ్డ డ్యూకాలియన్, పిర్రా దంపతులతో దైవవాణి 'తల్లి ఎముకలు వెనక్కి విసరండి' అంటే, తల్లి భూమి, ఎముకలు రాళ్లు అని పోల్చుకుని రాళ్లు విసిరారు. ఆయన రాళ్లు మగవాళ్లయ్యాయి, ఆవిడవి ఆడవాళ్లు. దీనికి నా దగ్గర జత లేదు. మా అమ్మాయికి తెగ నచ్చింది కూడా ఇదే.

"దొంగతనం ప్రొమీథియస్‌ది, కోపం జ్యూస్‌ది. మధ్యలో మనుషులేం చేశారు?"

పూర్వజన్మ కర్మ అని నోటిదాకా వచ్చింది. పోయినేడు మా నాన్న పోయినప్పుడు ఆ మాటే అన్నాను. "తాతయ్య ఏం తప్పు చేశారు?" అని రాత్రంతా ఏడ్చింది. ఈసారి మింగేశాను.

"ఏమీ చేయలేదు" అన్నాను.

"మరి చెడ్డవాటి మధ్య ఆశనెందుకు పెట్టారు? అదీ చెడ్డదేనా? లోపలే ఉండిపోయిందంటే మనకి ఉన్నట్టా, లేనట్టా?"

పెద్ద పెద్ద పండితులే ఇప్పటికీ దీని మీద వాదించుకుంటున్నారని చెప్పాను. తన డౌటు వాళ్లకీ ఉందని మహా సంబరపడింది.

పెట్టె చెరిపేసి, నూనె మరక చుట్టూనే గీత గీసి జాడీ వేసింది. మూతికి గుడ్డతో వాసెన కూడా కట్టింది, అచ్చం మా అమ్మ ఆవకాయకి కట్టినట్టు. హెసియడ్ కథలో ఉన్నది పెద్ద మూత, వాసెన కాదు. చెప్పబోయి ఊరుకున్నాను.