నీళ్ళు పడలేదు

2018 సెప్టెంబరులో, ఆఫ్రికాలోని మలావీ దేశం నుంచి పెరంబూరులోని మా ఇంటికి చేరిన మూడు వారాలకు, నాకు రోజూ సాయంత్రం జ్వరం రావడం మొదలైంది. అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "అక్కడి నీళ్ళు నీకు పడలేదే" అన్నది. చిత్తూరు వైపు నుంచి మద్రాసుకు కోడలిగా వచ్చి యాభై ఏళ్ళు కావస్తున్నా, ఊరు వెళ్ళివచ్చిన వాళ్ళకు ఏ జబ్బు చేసినా ఆమె మొదట చెప్పే కారణం ఇదే. నేను అక్కడ కాచి చల్లార్చిన నీళ్ళే తాగానని ఆమెకు నచ్చజెప్పాను. అది నిజమే గాని, చెప్పవలసిన నిజం అది కాదు.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ను. ఆ ఏడాది జూన్ నుంచి ఆగస్టు వరకు, మలావీ సరస్సు ఒడ్డున సలీమా జిల్లాలోని ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో జీతం లేకుండా పనిచేశాను. మలేరియా స్లైడ్లు చూడడం, బడిపిల్లల మూత్రం పరీక్షించడం నా పని. ఆ నమూనాలను ఉదయం పది గంటలకు, మధ్యాహ్నం రెండు గంటలకు మధ్యనే తీసుకోవాలి, ఎందుకంటే సరస్సు నీళ్ళలోంచి చర్మం గుండా ఒంట్లోకి చేరే బిల్‌హార్జియా పురుగు గుడ్లు మూత్రంలో ఎక్కువగా కనబడేది ఆ వేళలోనే. కోలగా ఉండి, ఒక కొసన సన్నని ముల్లు తేలిన ఆ గుడ్డును ఒకసారి చూసినవారు మరొకదానితో పొరబడరు. మందు ఇచ్చే రోజున పిల్లలను గీతలు పెట్టిన కొలత కర్ర పక్కన నిలబెట్టి, ఎత్తునుబట్టి ఎన్ని మాత్రలో లెక్కకట్టేవాళ్ళం. ఆ కర్ర పట్టుకుని, సరస్సులో దిగవద్దని ఆ పిల్లలకు చెప్పినదాన్ని నేను.

ఆ ఊరికి అలవాటు పడడం నేను భయపడినంత కష్టం కాలేదు. తెల్ల మొక్కజొన్న పిండితో వండే న్సీమా మా ఇంటి సంకటికి దగ్గరి చుట్టమే. చేత్తో ముద్ద చేసి, ఆకుకూరతోనో చిన్న చేపలతోనో తింటారు. చిచేవా భాషలో ఆడవాళ్ళను గౌరవంగా 'అమాయి' అని పిలుస్తారు. మొదటి రోజు వెనుక నుంచి ఆ పిలుపు వినబడినప్పుడు, ఇక్కడ తెలుగువాళ్ళెవరా అని చటుక్కున తిరిగి చూశాను. ప్రతి రోగి చేతిలోనూ 'హెల్త్ పాస్‌పోర్ట్' అనే చిన్న పుస్తకం ఉంటుంది. ఎప్పుడు ఏ జబ్బుతో వచ్చిందీ, ఏ మందు ఇచ్చిందీ అన్నీ అందులోనే రాస్తారు. చీరకొంగులో డబ్బు ముడివేసుకున్నట్టు నడుముకు చుట్టుకునే చితేంజె గుడ్డ మడతలో దాన్ని దాచుకుని మైళ్ళు నడిచి వచ్చే తల్లులను చూశాక, మన ఆసుపత్రుల్లో చిందరవందరగా పోయే చీటీలు గుర్తుకొచ్చి నాకు బాధ కలిగేది. కేంద్రంలోని నర్సులు నా పేరు మీద కూడా ఒక పుస్తకం రాసి ఇచ్చారు.

రెండు నెలల పాటు బోరింగు నీళ్ళు తప్ప నేను వాడలేదు. పక్కింటి ఆవిడ రోజూ అంట్లూ బట్టలూ తీసుకుని సరస్సుకు వెళుతూ నన్ను పిలిచేది, నేను రోజూ ఏదో ఒక సాకు చెప్పేదాన్ని. ఆగస్టు మధ్యలో ఒక ఉదయం ఆమె పిలవకుండానే నా గుమ్మం దాటి వెళ్ళిపోయింది. ఆమె మౌనం చూసి నాకు మనసు ఆగలేదు. నా బట్టల మూట తీసుకుని వెనకాలే వెళ్ళి, రెల్లు పెరిగిన ఒడ్డున మోకాలి లోతు నీళ్ళలో గంటసేపు ఆమె పక్కన నిలబడి బట్టలు ఉతికాను. కదలని నీళ్ళు, నీటి మొక్కలు, వాటికి అంటుకున్న చిన్న నత్తలు అన్నీ నాకు కనబడుతూనే ఉన్నాయి. పగటి వెలుగులో ఆ నత్తల నుంచి వెలువడే పురుగు పిల్లలు కొద్ది నిమిషాల్లోనే చర్మంలోకి దూరుకుంటాయని నాకు తెలుసు. ఆ రాత్రి చీలమండల దగ్గర దురద పెట్టి ఎర్రని పొక్కులు లేచాయి, తెల్లారేసరికి తగ్గిపోయాయి.

మద్రాసులో మొదట చూసిన డాక్టరు వైడాల్ పరీక్ష చేయించి, టైఫాయిడ్ అని చెప్పి ఏడు రోజుల మందు రాశారు. జ్వరం తగ్గలేదు. పొడిదగ్గు పట్టుకుంది, ఒంటినిండా దద్దుర్లు లేచి గంటల్లో మాయమయ్యేవి. మా ల్యాబులోనే రక్తం చూసుకుంటే, తెల్ల రక్తకణాల్లో ఆరు శాతం దాటకూడని ఇసినోఫిల్స్ అనే కణాలు ముప్పై ఎనిమిది శాతం ఉన్నాయి. ఆ సంఖ్య చూసి ఆయన, ఫైలేరియా వల్ల వచ్చే దగ్గు ఇక్కడ ఉన్నదే కదా అని మూడు వారాలు వాడమని మరో మందు ఇచ్చారు. నేను ఎక్కడినుంచి వచ్చానో ఆయన అడగలేదు. ఆయనను ఎంత తప్పుపట్టినా, నోరు మూసుకుని కూర్చున్నది నేనే. పిల్లలకు వద్దన్న పనిని నేనే చేశానని పైకి చెప్పడానికి సిగ్గుపడి, ఆ సిగ్గులో పదిహేను రోజులు పోగొట్టుకున్నాను.

అక్టోబరులో, పెరంబూరు స్టేషను వంతెన మెట్లు సగం ఎక్కి ఊపిరాడక కూర్చుండిపోయిన రోజున, మా ల్యాబులో నాకంటే పెద్దదైన సహోద్యోగిని నన్ను వెంటబెట్టుకుని ఒక అంటువ్యాధుల నిపుణురాలి దగ్గరికి తీసుకెళ్ళింది. "ఈ పిల్ల ఆఫ్రికా వెళ్ళొచ్చింది డాక్టర్, అదొక్కటీ మీకు చెప్పాలి" అని నా బదులు ఆమే చెప్పింది. డాక్టరు పెన్ను పక్కన పెట్టి, "తణ్ణీల ఇరంగినీంగళా?" అని తమిళంలో అడిగారు, నీళ్ళలో దిగారా అని. దిగాను అన్నాను. ఆ ఒక్క మాటతో చాలా దూరం వచ్చినట్టనిపించింది.

దాన్ని కటయామా జ్వరం అంటారు. లోపల పెరుగుతున్న పురుగుల మీద శరీరం తిరగబడినప్పుడు, నీళ్ళలో దిగిన కొన్ని వారాలకు వస్తుంది. మన దేశంలో బిల్‌హార్జియా లేనట్టే లెక్క. మందు ప్రాజిక్వాంటెల్. కిలో బరువుకు నలభై మిల్లీగ్రాముల చొప్పున, యాభై ఎనిమిది కిలోల నాకు ఆరు వందల మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు వచ్చాయి; ఒకే రోజు రెండు విడతలుగా అన్నం తిన్నాక వేసుకోమన్నారు, వాపు తగ్గడానికి కొద్ది రోజులు ప్రెడ్నిసొలోన్ కూడా ఇచ్చారు. మాత్ర నాలుకకు తగిలితే చాలు, డోకు వచ్చేంత చేదు. ఎదిగీ ఎదగని పురుగులను ఈ మందు చంపలేదు గనుక, రెండు నెలలకు మళ్ళీ వేసుకోవాలని ముందే చెప్పారు.

జ్వరం నాలుగు రోజుల్లో పోయింది. నీరసం మాత్రం నవంబరు దాకా వదల్లేదు. అమ్మ పొద్దున్నే మిరియాల చారు కాచి, మధ్యాహ్నం సంకటి ముద్ద పెట్టేది. ముద్దను వేళ్ళతో నొక్కి గుంట చేసి పులుసు పోస్తుంటే, సలీమాలో పక్కింటి ఆవిడ చెయ్యి కూడా అచ్చం అలాగే కదిలేదని ఆమెకు చెప్పాను. అప్పుడే సరస్సు సంగతి కూడా చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ పిల్లలకు వేరే నీళ్ళు లేవా?" అని అడిగింది. ఊరికి ఒక్కటే బోరింగు ఉందనీ, అదీ ఎప్పుడూ పనిచేయదనీ చెప్పాను.

నవంబరు చివర ఒక మధ్యాహ్నం పన్నెండింటికి, రెండో విడత మందుకు ముందు, నా మూత్రాన్ని నేనే సెంట్రిఫ్యూజులో తిప్పి, అడుగున మిగిలిన చుక్కను స్లైడు మీద వేశాను. మూడో వరుసలో కనబడింది. కోలగా, లేత పసుపు రంగులో, కొసన ముల్లుతో. వందల పిల్లల స్లైడ్లలో చూసి లెక్క రాసుకున్న గుడ్డే. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాను. మా సహోద్యోగిని వచ్చి చూసి, ఏమీ అనకుండా నా భుజం మీద చెయ్యి వేసింది.

డిసెంబరులో రెండో విడత వేసుకున్నాను. మార్చిలో ఇసినోఫిల్స్ నాలుగు శాతానికి దిగాయి, మూడు రోజులు వరసగా చూసినా గుడ్లు లేవు. ఆ సాయంత్రం బీరువాలోంచి నా హెల్త్ పాస్‌పోర్ట్ తీసి, అక్కడి నర్సులు రాసినట్టే తేదీ, బరువు, మాత్రల సంఖ్య రాసి, ఊరి పేరు ఉండవలసిన చోట పెరంబూరు అని రాశాను.