పట్టాలు పడని వీధుల్లో విశాఖ

విశాఖపట్నం వీధుల్లో పట్టాల మీద సాగే ట్రామ్ బండి ఎప్పుడూ నడవలేదు. నడవని ట్రామ్ కోసం ఆ ఊరెందుకని మా ఇంట్లోనే అడిగారు. మాది ఖరగ్‌పూర్. రైల్వే వర్క్‌షాపులో పనికోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి అక్కడే స్థిరపడిపోయిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. కలకత్తా మాకు లోకల్ రైలు దూరం. ఆ నగరంలో చిన్నప్పటి నుంచీ నాకు ఇష్టమైన బండి ట్రామే. 2024 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం, మైదాన్–ఎస్ప్లనేడ్ ముక్క ఒక్కటి గుర్తుగా ఉంచి మిగతా ట్రామ్‌లు ఆపేస్తామని ప్రకటించినప్పుడు ఇంట్లో మనిషి మంచాన పడ్డట్టు అనిపించింది.

అప్పుడే విశాఖలో ఉన్న మా మావయ్య ఫోన్లో ఒక మాటన్నాడు. కొన్నేళ్ల కిందట లైట్ మెట్రోతో పాటు దాదాపు 60 కిలోమీటర్ల ఆధునిక ట్రామ్ కూడా విశాఖకు వేయాలని ప్రభుత్వం అనుకుందట. వెతికి చూస్తే నిజమే, 2020లో దానికి సమగ్ర నివేదిక తయారు చేయించే ప్రయత్నం కూడా జరిగింది. ఉన్న ట్రామ్‌ను ఒక ఊరు వదిలించుకుంటోంది, లేని ట్రామ్‌ను ఇంకో ఊరు కాగితం మీద గీసుకుంది. ఆ గీత ఏ వీధుల మీద పడేదో కాళ్లతో నడిచి చూడాలనిపించింది.

హౌరా నుంచి మద్రాసు వైపు వెళ్లే బళ్లు విశాఖ స్టేషన్లోకి వచ్చాక ఇంజను ఇటు తీసి అటు తగిలించుకుని, వచ్చిన దిక్కుకే మళ్లుతాయి. మా తాతల కాలంలో దీని పేరు వాల్తేరు స్టేషను. బెంగాల్ నాగపూర్ రైల్వేకి ఇదే చివర, ఇక్కణ్నుంచి కింద మద్రాసు కంపెనీ లైను. బండి అలా తిరిగిపోతుంటే ఊరి స్వభావం సగం అర్థమవుతుంది. ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ, తూర్పున సముద్రం. ఊరు పెరగాలంటే పొడుగ్గా పెరగాల్సిందే. గాజువాక నుంచి మధురవాడ దాకా హైవే వెంబడి అలాగే సాగింది కూడా. ఇటు వాళ్లు అటు వెళ్లాలంటే ఎన్ఏడీ, కంచరపాలెం, మద్దిలపాలెం కూడళ్లు తప్పించుకుని వెళ్లే దారి దాదాపు లేదు. జనమంతా ఒకే వరసలో కదిలే ఊరికి పట్టాల బండి బాగా నప్పుతుంది.

మావయ్య హిందుస్థాన్ షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యాడు. మర్నాడు పొద్దున్నే నన్ను పూర్ణా మార్కెట్ దగ్గర దించి, పాత పోస్టాఫీసు దాకా నడిపించాడు. అరటి గెలలు, ఎండుచేపల వాసన, తోపుడు బళ్ల మధ్య నుంచి ఆటో దూరే వీధులు. కురుపాం మార్కెట్ దాటి విక్టోరియా విగ్రహం దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా వచ్చిన లారీ కోసం ఇద్దరం గోడకి ఒదిగి నిలబడ్డాం.

“ఇక్కడ పట్టాలేస్తే మనుషులెటెల్తారమ్మా?” అన్నాడు మావయ్య.

వీధుల ఇరుకు ఒక్కటే కారణం కాదు. కలకత్తాలో నేనెక్కిన ట్రామ్ ఇంతకంటే ఇరుకైన చిత్‌పూర్ రోడ్డులోనే నడిచేది. అసలు సంగతి జనాభాలో ఉంది. 1901 లెక్కల్లో విశాఖపట్నం పట్టణంలో ఉన్నది 40 వేల చిల్లర జనం. అదే ఏడు మద్రాసులో 5 లక్షల పైచిలుకు. రాళ్లు తవ్వి, పట్టా పాతి, కరెంటు తయారు చేసి బండి నడిపే కంపెనీకి రోజూ వేలమంది టికెట్టు కొనాలి. ఈ ఊళ్లో జట్కాకి, రిక్షాకి సరిపడా జనమే ఉండేవారు. కలకత్తాలోనే 1873 ఫిబ్రవరిలో సియాల్దా నుంచి అర్మేనియన్ ఘాట్ వరకు వేసిన మొదటి గుర్రపు ట్రామ్, ఎక్కేవాళ్లు చాలక ఆ నవంబరులోనే ఆగిపోయింది. మళ్లీ 1880లో కొత్త కంపెనీ వచ్చాక గాని నిలదొక్కుకోలేదు.

విశాఖను పెద్ద ఊరు చేసింది రేవు. అది ఓడలకు తెరుచుకున్నది 1933లో. కాన్పూరులో ట్రామ్‌ను ఎత్తేసింది కూడా ఆ ఏడే. అప్పటికి పెట్రోలు బస్సు వచ్చేసింది. పట్టా అక్కర్లేదు, తీగ అక్కర్లేదు, రూటు నచ్చకపోతే మార్చుకోవచ్చు. విశాఖకు ట్రామ్ కావలసినంత జనం చేరేసరికి దేశంలో ట్రామ్‌ల కాలం వాలిపోతోంది.

మరి మనవాళ్లు ట్రామ్ ఎరగరా అంటే, బాగా ఎరుగుదురు. మన జిల్లాలన్నిటికీ రాజధాని మద్రాసే కదా. కోర్టు పనికి, చదువుకి, అచ్చాఫీసులకి వెళ్లిన ప్రతి తెలుగువాడూ ఆ ట్రామ్ ఎక్కే ఉంటాడు. దేశంలో మొదటి విద్యుత్ ట్రామ్ అదే, 1895 మే 7న మొదలైంది. మొదట్లో తలమీద తీగ లేదు. రెండు పట్టాల నడుమ నేలలో సన్నటి చీలిక, దాని కింద కాలువలో కరెంటు. బండి కింద నుంచి ఒక చెయ్యి ఆ చీలికలోకి దిగి కరెంటు అందుకునేది. ఇంగ్లండులో ఎలాగో గాని మద్రాసు వానకి ఆ కాలువ తట్టుకుంటుందా? తర్వాత అక్కడా స్తంభాలు నాటి తీగలు లాగారు. అరిగిన పట్టాలు, పాతబడిన బళ్లు, పోటీగా బస్సులు. కంపెనీ దివాలా తీసి 1953 ఏప్రిల్లో ట్రామ్ ఆగిపోయింది. అదే ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అంటే కొత్త రాష్ట్రం చేతికి వచ్చిన ఊళ్లలో ఎక్కడా ట్రామ్ లేదు, దాన్ని నడిపిన అనుభవమున్న ఊరు హద్దు అవతల ఉండిపోయింది. విశాఖ వీధుల కథలో నాకు మిక్కిలి బాధ కలిగించే సంగతి ఇది.

జగదాంబ జంక్షన్ నుంచి పైకి నడిచాం. విశాఖ వాళ్లు దారి చెప్పడంలోనే అప్పులూ డౌన్లూ ఉంటాయి, అప్పు అంటే ఎగువకెక్కే దారి, డౌన్ అంటే దిగే దారి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) డౌన్, సిరిపురం డౌన్, ఎవరినడిగినా అలాగే చెబుతారు. సైకిల్ రిక్షాలున్న రోజుల్లో అప్పు వచ్చిందంటే ఎక్కినవాళ్లు దిగి నడిచేవారట, రిక్షా అతను హ్యాండిలు పట్టుకుని ముందుకు లాక్కెళ్లేవాడట. మా అత్తయ్య నిండు నెలలతో ఆస్పత్రికి వెళ్తూ ఈ అప్పు మీదే దిగబోతే, “వద్దమ్మా, కూకో” అని ఆ మనిషి ఒక్కడే లాగాడని ఇప్పటికీ చెబుతుంది. అతని పేరు అడగలేదని ఆవిడ బాధ.

ఇనుప పట్టా మీద ఇనుప చక్రం చాలా తేలిగ్గా దొర్లుతుంది. అందుకే ఒకటి రెండు గుర్రాలు బండెడు జనాన్ని లాగగలిగేవి. ఆ నున్నదనమే ఏటవాలు మీద శత్రువు, చక్రానికి పట్టు చాలదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో తడిసిన రాళ్ల మీద గుర్రాలు జారిపడటం చూసి ఆండ్రూ హాలిడీ వీధి కింద ఇనుప తాడు పరిగెత్తించి, బండి దాన్ని పట్టుకుని కొండెక్కేలా చేశాడు. అదీ 1873లోనే. కేజీహెచ్ అప్పు మీద ఆయాసపడుతూ నేను ఆ తాడు గురించే చెబుతుంటే మావయ్య ఆగి, వెనక్కి తిరిగి రేవు వైపు చూసి, “మా యార్డులో తాడుతో బరువులు లాగే విన్చి లాంటిదన్నమాట” అన్నాడు. సరిగ్గా అదే.

మధ్యాహ్నం ముగ్గురం సిటీ బస్సెక్కాం. అత్తయ్య ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు చింపి ఇచ్చాడు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు ఈ బస్సుల్లో ఛార్జీ లేదు. నాది బెంగాల్ ఆధార్ కాబట్టి నేను డబ్బులిచ్చాను, ఇవ్వాల్సిందే. బస్సు నిండా ఆడవాళ్లే. ఇళ్లలో పనికెళ్లి వస్తున్నవాళ్లు, కాలేజీ పిల్లలు, చేపల తట్ట సీటు కింద తోసి నిలబడ్డ ఒక పెద్దావిడ. ఇదివరకు షేర్ ఆటోకి రోజూ యాభై రూపాయలు పోయేవని ఆవిడే నాతో అన్నది. వీధి రవాణా చరిత్ర అంటే యంత్రాల చరిత్ర అనుకుంటాం. ఎవరు ఎక్కగలిగారు, ఎవరు నడిచారు అన్నదే దానిలో పెద్ద భాగమని నాకు ఆ బస్సులో గట్టిగా అనిపించింది.

హనుమంతవాక నుంచి ముడసర్లోవ మీదుగా అడవివరం, సింహాచలం వెళ్లే దారి బీఆర్టీఎస్ (బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్) దారి. జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పథకం డబ్బుతో విశాఖలో ఇలాంటివి రెండు తలపెట్టారు, ఒకటి పెందుర్తి వైపు, ఒకటి ఇది. రోడ్డు నడిమధ్య బస్సులకే కేటాయించిన దారి, స్టాపులు కూడా మధ్యలోనే. ఆలోచన నాకెంతో నచ్చింది. ట్రామ్‌లోని అసలు బలం అదే కాబట్టి.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, నేను ఇంత దూరం వచ్చింది దీనికోసమే. కలకత్తాలో ఒకప్పుడు ముప్పైకి పైగా ట్రామ్ రూట్లుండేవి. 1943లో కొత్త హౌరా వంతెన మీద మొట్టమొదట దాటిన బండి ట్రామే. చాలా పెద్ద రోడ్లలో ట్రామ్‌కి విడిగా, గట్టులాంటి జాగా ఉండేది. పట్టాల మధ్య గడ్డి, రెండు వైపులా చెట్లు. కారు అందులోకి రాలేదు. కాబట్టి ఎంత రద్దీ ఉన్నా ట్రామ్ తన దారిన తను పోయేది. తర్వాత రోడ్లు వెడల్పు చేయాలని ఆ గట్లు తీసేసి, పట్టాల చుట్టూ సిమెంటు పోసి, ఆ జాగాలోకి అన్ని బళ్లనూ వదిలారు. 1993లో హౌరా వంతెన మీద ట్రామ్ ఆగింది. ట్రామ్‌కి పక్కకి తప్పుకునే వీలు లేదు, ముందు ఆగిన టాక్సీ వెనక అది కూడా ఆగుతుంది. చివరికి నింద ఎవరి మీద పడింది? ట్రామ్ వల్లే రోడ్లు జామవుతున్నాయన్నారు. దాని జాగా లాక్కుని, నీ వల్లే ఇరుకన్నారు. ఈ అన్యాయం నేను కళ్లారా చూశాను.

సింహాచలం దారిలో బస్సు కిటికీ పక్కన కూర్చుని రోడ్డు నడుమ ఉన్న ఆ బస్సుల లేనునే చూస్తూ వచ్చాను. కొంత మేర ఉంది, కొంత మేర లేదు. ఉన్నచోట కూడా బైకులు, ఆటోలు, కార్లు దూరిపోతున్నాయి. ఇంకొంచెం ముందుకెళ్తే దారే సన్నబడి అందరూ కలిసిపోయారు. పట్టా లేదు గాని కథ అదే. నగర రవాణా ప్రణాళికల్లో వాడే ఒక అంచనా ఉంది: సొంత కార్లే ఎక్కువగా నడిచే ఒక లేనులో గంటకు 600 నుంచి 1,600 మంది దాటితే, అదే వెడల్పు బస్సులకో ట్రామ్‌లకో విడిగా ఇస్తే 4,000 నుంచి 8,000 మంది దాటుతారు. రోడ్డు వెడల్పు పెరగలేదు, ఇంకో ఊరంత జనం దాటారు. చక్రం కింద ఇనుమా, రబ్బరా అన్నది దాని తర్వాత ప్రశ్న.

సాయంత్రం సరదాకి ఆర్కే బీచ్ దగ్గర డబుల్ డెక్కర్ ఎక్కాం. 2025 ఆగస్టు చివర్లో మొదలైన కరెంటు బస్సు, తొట్లకొండ దాకా 16 కిలోమీటర్లు. పై అంతస్తులో గాలి, ఒక పక్క కురుసుర జలాంతర్గామి, తెన్నేటి పార్కు మలుపు, కైలాసగిరి రోప్‌వే, రుషికొండ. బొంబాయిలో ట్రామ్‌లకే పై అంతస్తు ఉండేది. 1964 మార్చి 31తో అక్కడ ట్రామ్ ఆగిపోయింది. విశాఖ బస్సు హాయిగా ఉంది, పిల్లలకి తప్పకుండా చూపించాలి. కాని అది ఊరు చూడటానికి, డ్యూటీకి వెళ్లేవాళ్లు ఎక్కేది కాదు.

రాత్రి భోజనాలయ్యాక మావయ్య మెట్రో మ్యాపు తెచ్చి మంచం మీద పరిచాడు. ట్రామ్ ప్రతిపాదన ఇప్పుడు వినపడటం లేదు. చేతిలో ఉన్నది మెట్రో మొదటి దశ. 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు, మూడు దారులు. స్టీల్‌ప్లాంటు నుంచి కొమ్మాది వరకు 34.40 కిలోమీటర్ల పెద్ద గీత, గురుద్వారా నుంచి పాత పోస్టాఫీసుకి ఒక చిన్నది, తాటిచెట్లపాలెం నుంచి చినవాల్తేరుకి ఇంకొకటి. పొద్దున మేం గోడకి ఒదిగిన వీధుల పక్కనే రెండో గీత ఆగుతుంది. ఈ పొడుగు ఊరికి ఆ పెద్ద గీత చాలా అవసరం, అందులో నాకు సందేహం లేదు. నా భయమల్లా కిందనున్న రోడ్డు గురించే. పైన స్తంభాల మీద మెట్రో ఎక్కించేశాం కదా అని కింద నేలంతా కార్లకు వదిలేస్తే, స్టేషను మెట్లు దిగిన మనిషి ఇంటికెలా చేరతాడు?

అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని మ్యాపు మీద వేలితో గీత వెంబడే వెళ్లింది. గాజువాక దగ్గర ఆగింది.

“మరి మల్కాపురం, సింధియా, మన షిప్‌యార్డు వైపు ఏటీ లేదేటి?”

“మొదటి దశలో లేదు. ఆ వైపు బస్సే” అన్నాడు మావయ్య.

“బస్సే అయితే బస్సుకి దారి ఇమ్మనండి. నువ్వు నలభై ఏళ్లు షిఫ్టుకి ఎలా యెల్లావో నాకు తెల్దా” అంది ఆవిడ.

మావయ్య పెన్సిలు తీసుకుని గాజువాక నుంచి సింధియా జంక్షన్ దాకా రోడ్డు ఎక్కడెక్కడ ఎంత వెడల్పుందో గుర్తుచేసుకుంటూ, బస్సు లేనుకి జాగా దొరికే చోట్ల చుక్కలు పెట్టడం మొదలెట్టాడు. రేపు పొద్దున ఆ దారే చూద్దామన్నాడు.