రాట్‌వీలర్ కావాలా? ముందు మీ ఇంటికి ఎవరెవరు వస్తారో లెక్కేసుకోండి

మా కుక్క భైరవిని వాకింగ్‌కి తీసుకెళ్తుంటే ఎదురొచ్చేవాళ్ళలో కొందరు రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోతారు, కొందరేమో ఆగి "రాట్‌వీలరేనా అండీ, పిల్ల ఎంతలో వస్తుంది, మేమూ ఒకటి తీసుకుందామనుకుంటున్నాం" అంటారు. ఈ రెండో రకం వాళ్ళకి రోడ్డు మీద నిలబడి చెప్పలేనివి ఇక్కడ రాస్తున్నా. పిల్ల రేటు మాత్రం రాయను. అది అమ్మేవాణ్ణి బట్టి మారిపోతుంది, పైగా తర్వాత పదేళ్ళు పెట్టే ఖర్చు ముందు అదో లెక్కే కాదు.

అందరూ అనే మాట ఒకటే, చాలా విశ్వాసంగా ఉంటుందటగా అని. ఉంటుంది, అందులో డౌటే లేదు. కానీ ఆ విశ్వాసం మీ ఇంట్లోవాళ్ళ మీద, ఇంటికి వచ్చేవాళ్ళ మీద కాదు. జర్మనీలో రాట్‌వైల్ అనే ఊళ్ళో మాంసం కొట్లవాళ్ళు పశువుల్ని తోలడానికి, బండ్లు లాగించడానికి పెంచుకున్న కుక్కలివి. ఎద్దుని అదిలించి దారికి తేవడం, యజమాని సొమ్ము దగ్గరికి పరాయివాణ్ణి రానివ్వకపోవడం వీటికి తాతముత్తాతల నుంచి వచ్చిన పనులు. మన ఇళ్ళేమో పగలంతా తలుపు తెరిచి ఉండే ఇళ్ళు. పొద్దున పాలవాడు, తర్వాత పనమ్మాయి, మధ్యాహ్నం కొరియర్, సాయంత్రం పక్కింటి పిల్లలు, పండక్కి చెప్పాపెట్టకుండా దిగే చుట్టాలు. వీళ్ళలో ఎవరు మనవాళ్ళో, ఎవరు కాదో మీరు నేర్పకపోతే అదే తేల్చుకుంటుంది. అది తేల్చుకునే పద్ధతి మీకు నచ్చకపోవచ్చు.

గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి వస్తే భైరవి మొరగదు. లేచి వచ్చి అతనికీ వంటింటి గుమ్మానికీ మధ్యలో అడ్డంగా నిలబడుతుంది. తోక కదలదు, నోరు మూసుకునే ఉంటుంది, చూపు మాత్రం అతని చేతుల మీద. "ప్లేస్" అంటే వెళ్ళి తన చాప మీద పడుకుంటుంది గానీ, అతను నిండు బండ దించి, ఖాళీది భుజాన వేసుకుని లిఫ్టు ఎక్కేదాకా తల దించదు. ఆ ఒక్క మాట నేర్పడానికి నెలలు పట్టింది. ఇప్పటికీ కొత్తవాళ్ళెవరైనా వస్తే నేనో మా ఆవిడో ఇంట్లో ఉండాల్సిందే, పనమ్మాయి చేతికి తాళాలిచ్చి వెళ్ళిపోవడం అనేది మా ఇంట్లో లేదు.

ఈ నేర్పడం ఎప్పుడు మొదలవ్వాలి అంటే, తెచ్చిన రోజు నుంచే. సుమారు మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల ఏం చూస్తే, ఏం వింటే అది దానికి మామూలు విషయం అయిపోతుంది. చిక్కేంటంటే, పార్వో, అంటే కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు, దాని భయం కూడా సరిగ్గా అప్పుడే, అందులోనూ రాట్‌వీలర్ పిల్లలకి పార్వో ముప్పు ఎక్కువ. ఆరు నుంచి ఎనిమిదో వారంలో టీకాలు మొదలై పదహారో వారం దాకా సాగుతాయి. అప్పటిదాకా నేల మీద దించకండి అంటారు డాక్టర్లు, దాంతో చాలామంది నాలుగు నెలలు పిల్లని గదిలోనే ఉంచేసి ఆ తర్వాత మనుషుల్ని చూస్తే పళ్ళు చూపిస్తోందని బాధపడతారు. దించొద్దన్నారు కానీ ఎత్తుకోవద్దనలేదు కదా. ఒళ్ళో పెట్టుకుని అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కూర్చోండి. హెల్మెట్లు పెట్టుకున్నవాళ్ళు, చేతికర్ర పట్టుకున్న తాతలు, ఆటోల గోల, స్కూలు బస్సు దిగి అరుచుకుంటూ పరిగెత్తే పిల్లలు, అన్నీ చూడనివ్వండి. ఆ తర్వాత కూడా మంచి ట్రైనర్ దగ్గరికి ఇంటిల్లిపాదీ వెళ్ళాలి. ఒక్కరి మాటే వినే రాట్‌వీలర్ ఉంటే, ఆ ఒక్కరు ఆఫీసుకి వెళ్ళిన రోజు మిగతావాళ్ళకి టెన్షనే. కొట్టి నేర్పిస్తానన్న ట్రైనర్ దగ్గర్నుంచి మాత్రం లేచి వచ్చేయండి.

గేటు దగ్గర గొలుసేసి కాపలాకి కట్టేద్దాం అనుకునేవాళ్ళు దయచేసి సీసీ కెమెరా పెట్టించుకోండి, చవకలో పోతుంది. మనిషిని అంటిపెట్టుకుని ఉండాలనుకునే జంతువుని రోజంతా ఒంటరిగా కట్టేస్తే అది కాపలా కాయదు, పిచ్చెక్కి కరుస్తుంది.

ఇంకో సంగతి, బరువు. ఆడది 40 కిలోలు దాటుతుంది, మగది 50 కిలోలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. ప్రేమ ఎక్కువైతే వచ్చి ఒళ్ళంతా మన కాళ్ళకి ఆనించి వాలిపోవడం వీటి అలవాటు, మా అత్తయ్య సోఫా చెయ్యి పట్టుకుంటే తప్ప దాని ముందు నిలబడదు. ఇంట్లో పెద్దవాళ్ళున్నా, నడక నేర్చుకునే పిల్లలున్నా అది కరుస్తుందా అని మాత్రమే కాదు, తోసేస్తుందా అని కూడా ఆలోచించండి. చిన్నపిల్లల్ని, కుక్కని వదిలేసి పక్కగదిలోకి వెళ్ళడం ఏ జాతితోనూ పనికిరాదు, దీంతో అసలే వద్దు.

మన టైల్స్, గ్రానైట్ నేలలు వీటికి శత్రువులు. వీటికి తుంటి కీలు వదులయ్యే జబ్బు, అదే హిప్ డిస్‌ప్లేషియా, తల్లిదండ్రుల నుంచి వస్తుంది. పెరిగే వయసులో నున్నటి నేల మీద కాళ్ళు జారుతూ పరిగెత్తినా, ఒళ్ళు మరీ పెరిగినా అది ఇంకా ముదురుతుంది. కుక్క తిరిగే దారంతా రబ్బరు మ్యాట్లు పరిచేయండి, ఇల్లు జిమ్‌లా కనిపిస్తే కనిపించనివ్వండి. ఏడాది, ఏడాదిన్నర దాకా మంచాల మీంచి దూకించడం, మెట్లు పరుగున ఎక్కించడం వద్దు.

తిండి దగ్గర, పెద్దకుక్కకి డ్రై ఫుడ్ పెడితే నెలకి సుమారు 15 కిలోలు లెక్కేసుకోండి. ఇంట్లో వండి పెట్టేవాళ్ళూ ఉన్నారు, తప్పేం లేదు, కాకపోతే డాక్టర్‌ని అడిగి పెట్టాలి. మన అమ్మలు చేసేది మిగిలిన కూర కలిపి పెట్టడం. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాల్ని దెబ్బతీస్తాయి, అవి లేని కూర మన ఇంట్లో ఏదుంది చెప్పండి? ఉడికిన చికెన్ బొక్కలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి, ద్రాక్షపళ్ళు, చాక్లెట్ విషం.

ఛాతీ లోతుగా ఉండే పెద్ద కుక్కలన్నిటికీ ఉన్న ప్రమాదం ఒకటి ఇంట్లో అందరికీ తెలిసుండాలి. పొట్ట ఉబ్బి, మెలి తిరిగిపోతుంది. పొట్ట డప్పులా బిగుసుకుంటుంది, వాంతి చేసుకోబోతుంది గానీ ఏమీ రాదు, ఒకచోట నిలవలేక అటూఇటూ తిరుగుతుంది. అది గ్యాస్ అనుకుని వాము నీళ్ళు పట్టిస్తూ కూర్చుంటే గంటల్లో ప్రాణం పోతుంది, ఆపరేషన్ ఒక్కటే మార్గం. అందుకే రోజు తిండి రెండు పూటలుగా పెట్టి, తిన్నాక ఓ గంటైనా పరుగులు పెట్టనివ్వకూడదు. అంతకన్నా ముందు, రాత్రి రెండింటికి ఆపరేషన్ చేయగలిగే ఆస్పత్రి మీ ఊళ్ళో ఎక్కడుందో కుక్కని తేకముందే కనుక్కోవాలి. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల్లో ఆస్పత్రులున్నాయి, మీ దగ్గర్లో ఉంటే అవి ఏ వేళల్లో చూస్తాయో వెళ్ళి అడిగి రండి.

ఎండాకాలం గురించి కొత్తగా చెప్పేదేముంది. నల్లటి బొచ్చు, మే నెల బెజవాడ. పొద్దున ఐదింటికి ఓసారి, చీకటి పడ్డాక ఓసారి, మధ్యలో బయటికి తీయొద్దు. తారు మీద మీ అరచెయ్యి వెనక భాగం కాసేపు ఆన్చి చూడండి, మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలు కూడా కాలతాయి. వానలు పడగానే పిడుదులు. తిండి మానేసి, డల్‌గా పడుకుని, చిగుళ్ళు పాలిపోతే ఆ రోజే రక్తపరీక్ష చేయించండి, పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ ఆలస్యం చేసే జబ్బు కాదు.

ఇక చట్టం. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల కుక్కల అమ్మకాలు, బ్రీడింగ్ ఆపమని రాష్ట్రాలకి లేఖ రాసింది, అందులో రాట్‌వీలర్ ఉంది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. మళ్ళీ ఏ రూపంలో వస్తుందో ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు కాబట్టి మీ మున్సిపాలిటీ నిబంధనలు కనుక్కుని, లైసెన్సు, రేబిస్ టీకా కాగితాలు దగ్గర పెట్టుకోండి. మీ నిర్లక్ష్యం వల్ల కుక్క ఎవరికైనా ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291 ప్రకారం ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. పెంపుడు కుక్కల్ని అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు చెబుతాయి, నిజమే, కానీ ఆ కాగితం పట్టుకుని రోజూ లిఫ్టులో గొడవపడాల్సింది మీరే. అద్దె ఇల్లైతే ఓనర్‌కి ముందే జాతి పేరుతో సహా చెప్పండి.

సంక్రాంతికి ఊరెళ్ళాలంటే? రైల్లో కుక్కని మన దగ్గరే ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో క్యాబిన్ మొత్తం మనదే అవ్వాలి, లేదా దాన్ని బ్రేక్ వ్యాన్‌లోని డాగ్ బాక్స్‌లో ఎక్కించాలి. రెండోది నాకైతే మనసొప్పదు. డబ్బులు తీసుకుని కుక్కల్ని కొన్నాళ్ళు చూసుకునే బోర్డింగ్‌ల వాళ్ళు చాలామంది రాట్‌వీలర్ అనగానే ఖాళీ లేదంటారు. మేం కార్లోనే వెళ్తాం, లేదా ఒకరం ఆగిపోతాం.

ఇంత చదివాక కూడా కావాలనిపిస్తే, ఎనిమిది వారాలు నిండని పిల్లని కొనకండి, అమ్మడం కూడా రూల్స్‌కి విరుద్ధమే. తల్లిని చూపించనన్నవాడి దగ్గర కొనొద్దు. తల్లి మిమ్మల్ని చూసి వణికినా, మీదికి వచ్చినా పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా వెనక్కి వచ్చేయండి. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు అడగండి, ఎందుకని ఎదురు ప్రశ్న వేస్తే అక్కడితో ఆ బేరం వదిలేయండి. అసలు పిల్లే కావాలన్న పట్టు లేకపోతే, వదిలేసిన రాట్‌వీలర్లు రెస్క్యూ షెల్టర్లలో ఉంటాయి, రెండు మూడేళ్ళ వయసువి. సైజు, బుద్ధి అప్పటికే తెలిసిపోయి ఉంటాయి, కొన్నిచోట్ల ముందు కొన్నాళ్ళు ఇంట్లో పెట్టుకుని చూసుకోనిస్తారు కూడా. ఆ కొన్నాళ్ళలో మీ పనమ్మాయిని రోజూ రమ్మనండి.