పదకొండు ఫోన్లు

శుక్రవారం, రాత్రి పది గంటలు.

ఈ రోజంతా ఫైళ్లకంటే ఫోనే ఎక్కువసేపు పట్టుకున్నాను. నిద్ర రావడం లేదు. విన్న మాటలు విన్నట్టుగా రాసిపెట్టుకుంటే తప్ప రాదు.

పొద్దున్న సీట్లో కూర్చోగానే అటెండరు తపాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అన్నిటికీ పైన ఒక జాబితా. 2019లో మా యూనివర్సిటీలో పీహెచ్‌డీలో చేరి, ఆరేళ్ల గడువు దాటినా థీసిస్ (పరిశోధన గ్రంథం) సమర్పించని స్కాలర్ల పేర్లు, మొత్తం 11. అడుగున ఆకుపచ్చ సిరాతో "రిజిస్ట్రేషన్ల రద్దుకు నోట్ పెట్టగలరు" అని పైఅధికారి రాత.

నోట్ పెట్టడం పది నిమిషాల పని. పాత నోట్ కంప్యూటర్లో ఉంది, పేర్లూ హాల్‌టికెట్ నంబర్లూ మారిస్తే చాలు. పీహెచ్‌డీ సెక్షన్‌కు వచ్చిన కొత్తలో నేనూ అలాగే చేశాను. క్రిందటి ఏడాది ఒకామె వచ్చింది. చేతిలో స్పైరల్ బైండింగు చేసిన థీసిస్ ముసాయిదా. "ఎప్పుడు సమర్పించాలి మేడం?" అని అడిగింది. ఆమె రిజిస్ట్రేషన్ రద్దయి అప్పటికి తొమ్మిది నెలలు. ఉత్తరం ఆమె పుట్టింటి చిరునామాకు వెళ్లి, తిరిగొచ్చి, మా ఫైల్లోనే ఉండిపోయింది. మహిళలకు ఆరేళ్ల మీద మరో రెండేళ్లు ఇవ్వవచ్చని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2016 నిబంధనల్లోనే ఉంది. ఆమె అడగలేదు, మేము చెప్పలేదు. ఆ రద్దు నోట్ మీద మొదటి సంతకం నాది. పునరుద్ధరించడానికి ఐదు నెలలు పట్టింది. ఆమె నా ఎదుటి కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ తలెత్తి చూడటం కష్టమయ్యేది.

అందుకే ఈ ఉదయం పాత నోట్ తెరవలేదు. రికార్డు గదికి వెళ్లాను. అటెండరు నిచ్చెన వేసి పదకొండు ఫైళ్లూ దించాడు, నా కొంగుతోనే దుమ్ము తుడిచాను.

అన్ని ఫైళ్లూ ఒకేలా మొదలవుతాయి. అడ్మిషన్ ఉత్తర్వు, పీజీ మార్కుల జాబితా, కులధ్రువీకరణ పత్రం, ప్రీ పీహెచ్‌డీ పరీక్ష ఫలితం. దరఖాస్తు మీద స్టాప్లర్ పిన్నుతో గుచ్చిన ఫొటో. ఒక ఫొటోలో పిన్ను తుప్పు పట్టి ఆ అబ్బాయి నుదుటి మీదుగా గోధుమరంగు గీత పడింది. ఆ తర్వాత ఆరు నెలలకొకసారి పరిశోధన సలహా సంఘం ముందు హాజరైనట్టు నివేదికలు. మొదటి నివేదికలో "పురోగతి సంతృప్తికరం". రెండో దానిలో "పురోగతి సంతృప్తికరం". మూడు, నాలుగు కూడా అంతే, అదే చేతిరాత, అదే సిరా. తర్వాత పేజీ తిప్పితే ఏమీ లేదు. ట్యాగు కొస వేలాడుతోంది.

పదకొండింటిలో తొమ్మిది ఫైళ్లు ఇలాగే ఉన్నాయి. ఎక్కడా ఎవరూ "పురోగతి లేదు" అని రాయలేదు. "ఇంట్లో ఇబ్బంది", "డబ్బు లేదు", "గైడుతో పడటం లేదు" అని రాయడానికి ఆ ఫారంలో గడి కూడా లేదు. నిన్నటిదాకా సంతృప్తికరంగా సాగినవారు ఈ రోజు ఉన్నట్టుండి మాయమవుతారా? వాళ్లు తగ్గుతూ తగ్గుతూ పోయి ఉంటారు. మన కాగితం దాన్ని చూడలేదు.

కోర్సు వర్కు, అంటే మొదట్లో ఉండే పాఠాలు, నడిచినంతకాలం ఎవరికీ దిగులుండదు. తరగతులుంటాయి, తోటివాళ్లుంటారు, క్యాంటీన్‌లో టీ ఉంటుంది. ప్రీ పీహెచ్‌డీ ఫలితం వచ్చిన రోజు అందరూ కలిసి ఫొటో దిగుతారు. మర్నాటి నుంచి ఎవరి అంశం వారిది, ఎవరి గది వారిది. గైడు ఒక్కరే ఆధారం. ఆ గైడుకు తీరిక లేకపోయినా, బదులు చెప్పకపోయినా ఇక యూనివర్సిటీలో ఆ మనిషిని పేరు పెట్టి పిలిచేవారు ఉండరు. మా సెక్షన్ చూపేమో ఆరో ఏడాది చివర కానీ వాళ్ల మీద పడదు.

పదకొండు గంటలకు ఫోన్లు మొదలుపెట్టాను.

మూడు నంబర్లు పనిచేయడం లేదు. నాలుగో అతను రసాయన శాస్త్రం. ఔషధ కంపెనీలో చేరి మూడేళ్లయిందట, పెళ్లయింది, సంతోషంగా ఉన్నాడు. "చెప్పాలని తెలియలేదు మేడం" అన్నాడు. నాకేమీ బాధ అనిపించలేదు. పీహెచ్‌డీ వదిలిన ప్రతివాడూ నష్టపోయినట్టు కాదు. ఒక్క ఉత్తరం రాసి పంపమన్నాను. ప్రొఫెసరు దగ్గర 8 మంది, అసోసియేట్ ప్రొఫెసరు దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసరు దగ్గర నలుగురికి మించి స్కాలర్లు ఉండకూడదు. ఇతని పేరు తీసేసేదాకా ఆ స్థానం కొత్తవారికి దక్కదు. సాయంత్రంలోగా మెయిల్ చేస్తానన్నాడు, చేశాడు కూడా.

ఐదో అతను "రద్దు చేసుకోండి" అని పెట్టేశాడు. మళ్లీ చేయలేదు. ఆ గొంతులో ఉన్నది కోపమో అలసటో పోల్చుకోలేకపోయాను.

ఆరో ఫోనుకు వచ్చిన అబ్బాయి మాటలు ఇంకా చెవిలో ఉన్నాయి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధించి చేరాడు. ఫెలోషిప్ ఐదేళ్లే. రిజిస్ట్రేషన్ గడువు ఆరేళ్లు. ఈ తేడా నాకు ఎప్పటి నుంచో తెలుసు, కానీ ఒక మనిషి జీవితంలో అది ఎలా ఉంటుందో ఈ రోజు విన్నాను. చివర్లో నెలకు 42,000 వచ్చేది. ఒక నెల వచ్చింది, తర్వాతి నెల రాలేదు. సరిగ్గా థీసిస్ రాయాల్సిన ఏడాది అది. తండ్రికి ఆరోగ్యం బాగాలేదు, చెల్లెలి చదువు ఉంది. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేరాడు. రోజూ బస్సులో రానూపోనూ మూడు గంటలు. మూడు అధ్యాయాలు రాసి ఉంచాడు. మిగిలింది రెండు.

"మరి ఒక్కసారైనా డిపార్ట్‌మెంటుకు రాలేదేం బాబూ?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. "వస్తూనే ఉన్నాను మేడం. లైబ్రరీకి. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు వచ్చి పుస్తకాలు చూసుకుని వెళ్లిపోతాను. ఎవరైనా ఎదురైతే 'ఇంకా అవలేదా?' అని అడుగుతారు కదా" అన్నాడు.

ఆ మాట మనమందరం అంటాం. నేను కూడా అన్నాను, కౌంటరు దగ్గర, నవ్వుతూ. అడిగినవారికి అది పలకరింపు. ఐదేళ్లు ఒకే పనిని మోస్తున్నవాడికి అది తీర్పులా వినిపిస్తుంది. ఒక మనిషి తాను చదువుకునే చోటికే దొంగలా వచ్చి వెళ్తున్నాడంటే ఏమనుకోవాలి? ప్రతి నెలా జేఆర్‌ఎఫ్ వాళ్ల హాజరు చూసి బ్యాంకు పోర్టల్‌లో ధ్రువీకరించేది మా సెక్షనే. ఒకరు నమోదు చేస్తే ఇంకొకరు సరిచూస్తారు. ఐదేళ్లపాటు ప్రతి నెలా అతని పేరు ఎదుట టిక్కు పెట్టాం. టిక్కు పెట్టడం ఆగిన నెల ఫోన్ చేసి "ఎలా నెట్టుకొస్తున్నావు?" అని ఒక్కరూ అడగలేదు.

గైడు సిఫారసు తెచ్చి, రుసుము కట్టి గడువు పొడిగింపు అడగవచ్చని చెప్పాను. గైడు ఎదుటికి వెళ్లడానికి అతను సంకోచిస్తున్నాడని అర్థమై, ఆ సార్‌తో నేను మాట్లాడతానన్నాను. మధ్యాహ్నం వెళ్లి మాట్లాడాను. ఆ సార్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "వాడు నా మీద కోపంతో రావడం లేదనుకున్నాను అమ్మా" అన్నారు. ఇద్దరి మధ్యా ఏడాదిన్నర మౌనం. ఎవరి కారణం వారిది. ఆయన నా ముందే ఫోన్ చేశారు. నేను బయటికి వచ్చేశాను.

ఏడో ఫైలు చూస్తే తల దించుకోవాల్సింది మేమే. అతని గైడు 2022లో రిటైరయ్యారు. గైడును మార్చమని అతను పెట్టుకున్న దరఖాస్తు ఫైల్లోనే ఉంది, ఇన్‌వర్డు ముద్రతో సహా. దాని మీద ఎవరి రాతా లేదు. మూడేళ్లుగా అతను మా జవాబు కోసం చూస్తున్నాడు. మేము అతన్ని థీసిస్ ఇవ్వనివాళ్ల జాబితాలో వేశాం. ఫోన్లో క్షమించమని అడిగాను.

ఎనిమిదో ఆమె జూనియర్ కాలేజీ లెక్చరరు, తొమ్మిదో అతను గురుకుల పాఠశాలలో టీచరు. ఇద్దరిదీ పార్ట్ టైం, ఇద్దరికీ సెలవు దొరకదు. పదో అతని ముసాయిదా ఏడు నెలలుగా గైడు బల్ల మీద ఉందట. ఈ ముగ్గురి సంగతి విడిగా రాసుకోవాలి, ఇప్పుడు ఓపిక లేదు.

పదకొండో ఆమెది అర్థశాస్త్రం, మన్యంలో వారపు సంతల మీద. రెండేళ్లు సంత సంతకూ తిరిగి చింతపండు, పసుపు, కొండచీపుర్లు అమ్మేవాళ్లతో మాట్లాడి ప్రశ్నావళులు నింపింది. తర్వాత పెళ్లి, హైదరాబాదు, ఒక బిడ్డ. "నాది ఎప్పుడో రద్దయిపోయి ఉంటుంది కదా మేడం" అంది మొదటి మాటగా. వెనక నుంచి పసిపిల్ల గొంతు.

కాలేదమ్మా అన్నాను. మహిళగా ఇంకా రెండేళ్లు అడగవచ్చని చెప్పాను. ప్రసూతి, శిశుసంరక్షణ సెలవు 240 రోజుల వరకూ ఉందని చెప్పాను. పెళ్లివల్ల ఊరు మారితే పరిశోధన సమాచారంతో సహా మరో యూనివర్సిటీకి బదిలీ చేయించుకోవచ్చని కూడా చెప్పాను. ఒక్కొక్కటీ చెబుతుంటే ఆమె "అవునా" అంటోంది. మూడో "అవునా" దగ్గర గొంతు మారింది. ఆ ప్రశ్నావళులు ఏం చేశావని అడిగాను. "అటక మీద ఉన్నాయి మేడం, గోనెసంచిలో. పారేయమన్నారు, పారేయలేకపోయాను."

ఈ మూడు సౌకర్యాలూ తొమ్మిదేళ్లకు పైగా నిబంధనల్లో ఉన్నాయి. నా సొరుగులో వాటి జిరాక్సు ఉంది. ఆమెకు మాత్రం ఈ రోజే తెలిశాయి.

నాలుగు గంటలకు పైఅధికారి దగ్గరికి వెళ్లాను. నోట్ పెట్టాను, రద్దుకు కాదు. ఒకరి ఉపసంహరణ నమోదు చేయడానికి, ఏడుగురికి నెల రోజుల సమయం ఇవ్వడానికి, మిగిలిన ముగ్గురి ఆచూకీ తెలుసుకోవడానికి. "రద్దు చేసుకోండి" అన్న అబ్బాయిని కూడా ఆ ఏడుగురిలోనే కలిపాను, ఫోన్లో అన్నమాటను రాతగా తీసుకోలేం కదా. ఆయన చదివి, "ఇన్ని ఫోన్లు మీరే చేశారా?" అన్నారు. ధైర్యం చేసి ఇంకో మాట అడిగాను. ఆరు నెలల నివేదిక ఎవరిది రాకపోతే ఏడో నెలలో సెక్షన్ నుంచి ఫోన్ వెళ్లాలి, రిజిస్టరులో దానికి ఒక గడి గీసుకుంటాం అని. ఆయన కాసేపు ఆలోచించి, సిబ్బంది ఎక్కడున్నారు అన్నారు. నేను చేస్తాను సార్ అన్నాను. సంతకం పెట్టారు.

ఇంటికి వచ్చాక ఒక కాగితం తయారుచేశాను, తెలుగులో, ఒకే పేజీ. ప్రీ పీహెచ్‌డీ ఫలితం ఇచ్చే రోజున ప్రతి స్కాలరు చేతిలోనూ పెట్టాలి. ఇప్పుడు చేరేవారికి యూజీసీ 2022 నిబంధనలు వర్తిస్తాయి. కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. రీ రిజిస్ట్రేషన్‌తో ఎనిమిదేళ్ల వరకూ. మహిళలకూ, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికీ మొత్తం పదేళ్ల వరకూ. గైడు రిటైరైతే ఎవరిని కలవాలి, ఫెలోషిప్ ఆగిపోతే ఎవరిని అడగాలి, ఇంట్లో ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలి. చివరి ప్రశ్నకు ఏం రాయాలో చాలాసేపు తోచలేదు. అలాంటి పదవి మా దగ్గర లేదు. నా సెక్షన్ ఫోన్ నంబరు రాశాను.

తొమ్మిదిన్నరకు వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. అటక మీది గోనెసంచి కిందికి దిగింది. మూతి విప్పి ఉంది. పక్కన నేల మీద ప్రశ్నావళుల కట్టలు, ఒక్కో కట్టకూ సంత పేరు రాసిన చీటీ. కింద మెసేజ్: "మేడం, దరఖాస్తులో తేదీ ఈ రోజుది వేయనా, సోమవారానిదా?"

ఈ రోజుదే వేయమ్మా అని రాశాను.

సోమవారం మొదటి పని, ఆ మూడు నంబర్లు. ఆ బ్యాచ్‌వాళ్లలో ఇద్దరు ఇప్పుడు మన దగ్గరే గెస్టు లెక్చరర్లుగా ఉన్నారని అటెండరు చెప్పాడు. పది గంటలకల్లా వాళ్ల తరగతి మొదలవుతుంది, అంతకంటే ముందే వెళ్లి పట్టుకోవాలి.